గురివింద టోపీ

గ్రీకు పెద్దలు ఎప్పుడో గుడి గోడ మీద చెక్కించిన ఒక మాట, మధ్యలో అనువాదకుడనే వాడి అవసరం లేకుండా, తిన్నగా ఎక్కిన మొట్టమొదటి తెలుగు బుర్ర మా డైరెక్టరు త్రినాథరావు గారిది.

ఆ మాట "అతి వద్దు". గ్రీకులో రెండే ముక్కలు, మేడెన్ అగాన్. ఆయనకి ప్రత్యేకించి ఆ మాటే ఎందుకు ఎంచుకున్నామంటే, ఆయన మీటింగు పెడితే పొద్దున్న తాగిన కాఫీ పోయిన జన్మలో తాగినట్టుంటుంది. టోపీ పెట్టాం. మీట నొక్కాం. కాసేపటికి తీశాం. ఆయన కళ్ళు చెమర్చి ఉన్నాయి.

"ఆహా! ఇన్నాళ్ళూ ఈ సంగతి నాకు తట్టలేదేమిటమ్మా!" అన్నారు.

మా ఆవిడ హైమ నా వైపు చూసింది. నేను హైమ వైపు చూశాను. గెలిచామనుకున్నాం. అప్పుడాయన కుర్చీలో వెనక్కి వాలి గొంతు సవరించుకున్నారు.

"అతి. అంతా అతే. హైమావతీ, నీ రిపోర్టుల్లో అంకెలు అతి. పుండరీకాక్షం, నీ తెలుగులో సంస్కృతం అతి. మన క్యాంటీను సాంబారులో ఇంగువ అతి. గేటు దగ్గర వాచ్‌మన్ నమస్కారం అతి..."

ఆ అతుల జాబితా భోజనాల వేళ దాకా సాగింది. భోజనం చేసొచ్చాక మిగతాది చెప్పారు.

నేను గ్రీకు చదువుకున్న తెలుగువాణ్ణి. పెళ్ళిళ్ళలో నన్ను పరిచయం చేస్తే "గ్రీకా? బావుంది. మరి ఉద్యోగం?" అని అడగనివాళ్ళు లేరు. గ్రీకుల హితోక్తులన్నీ తెలుగు చేశాను. వాళ్ళు రెండు ముక్కల్లో "గ్నోతి సెయౌతోన్", అంటే నిన్ను నువ్వు తెలుసుకో, అన్నదాన్ని నేను "ఓ మానవా! నీ స్వస్వరూప జ్ఞానమును సంపూర్ణముగా సముపార్జింపుము" అన్నాను. ఏం, బాగాలేదా? మా ఆవిడకి నచ్చలేదు.

హైమ మెదడు మీద పరిశోధన చేస్తుంది. విశాఖపట్నంలో ఎండాడ కొండ వాలున ఉన్న మా సంస్థలో ఆవిడది పై అంతస్తు, నాది కింద అంతస్తు. ఒకరోజు నా పుస్తకం మూసి, "ఏవండీ, ఇది చదివి ఇప్పటిదాకా ఎవరైనా మారారా?" అని అడిగింది.

"మారడం పాఠకుడి బాధ్యత" అన్నాను.

"కాదు. అర్థమవడమంటే తల ఊపడం కాదు. చిన్నప్పుడు పెనం మీద చెయ్యి పెట్టి కాల్చుకుంటాం చూడండి, అలా అర్థం కావాలి. మళ్ళీ జన్మలో పెట్టం. మాట వెళ్తే అంత లోతుకి వెళ్ళాలి."

అలా పుట్టింది టోపీ. అందులో మాట ఉండదు. ఆ మాట అర్థమైన మనిషి మెదడు ఎలా ఉంటుందో, పెట్టుకున్నవాడి మెదడుని అలా చేస్తుంది. ఒక పూట ఉంటుంది ఆ ప్రభావం. కాకపోతే మొదట్లో ఎవరికి పెట్టినా తల తిరిగి వాంతులయ్యాయి. గ్రీకు భావానికి తెలుగు తలలో దారి తెలియడం లేదనీ, దారి చూపించడానికి సామెతలతో నిండిన తెలుగు బుర్ర ఒకటి కావాలనీ హైమ తేల్చింది. ఎవరిదా అని మేం వెతుక్కోనక్కర్లేకపోయింది. ఆ బుర్ర మా ఇంట్లోనే, హాల్లో, టీవీ ముందు కూర్చుని ఉంది.

మా అమ్మకి అక్క, మాణిక్యాంబ దొడ్డమ్మ. అనకాపల్లి నుంచి మా గృహప్రవేశానికి వచ్చింది, మాతోనే ఉండిపోయింది. ఆవిడ మామూలు మాట మాట్లాడగా నేను వినలేదు. కరెంటు పోతే ఒక సామెత, పాలు విరిగితే ఒక సామెత. "దొడ్డమ్మా, కాఫీ తాగుతావా?" అంటే "దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాల్రా" అనేది. ఎంత లోతు అనుకుని వేడిగా ఉండగానే తెచ్చి ఇచ్చేవాణ్ణి. "హైమకి జ్వరంగా ఉంది" అంటే "చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత" అనేది. హైమ రెండు రోజులు అలిగింది. సీరియళ్ళు కూడా శబ్దం తీసేసి చూసేది. "మొహాలు చూస్తే తెలీదా, మాటలెందుకు?" అనేది. ఇంతటి జ్ఞాని మా ఇంట్లో ఉండటం నాకు లోలోపల గర్వంగానే ఉండేది.

ఆవిడకి టోపీ పెట్టి, సందర్భాలు చెప్పి, సామెతలు చెప్పించడం మొదలుపెట్టాం. "అడగడమెందుకమ్మా, రాసి చూపించు, కళ్ళజోడుంది కదా" అంది. హైమ అట్టముక్కల మీద రాసి చూపించింది. 'ఇద్దరు అన్నదమ్ములు పోట్లాడుకుంటున్నారు' అని చూపిస్తే దానికో సామెత. 'ఒకడు తన తప్పు తను చూసుకోడు' అని చూపిస్తే "గురివింద తన నలుపెరగదు". అన్నీ టోపీ నేర్చుకుంది. వాంతులు ఆగిపోయాయి. ఆ తర్వాతే త్రినాథరావు గారు దానికింద కూర్చున్నారు.

"ఆయన డైరెక్టరు. ఏ మాట ఎక్కినా ఎదుటివాళ్ళ మీదకే దిగుతుంది. అది పదవి లక్షణం, టోపీది కాదు. మనమే పెట్టుకుని చూద్దాం" అంది హైమ.

ఇద్దరం కలిసి ఎంచుకున్న మాట, "నిన్ను నువ్వు తెలుసుకో". ముందు నేను పెట్టుకున్నాను.

తలలో దీపం వెలిగినట్టయింది. ఒక మనిషి లోపల మూలమూలలా కనిపించింది. ఆ భయాలు, ఆ డాంబికాలు, పైకి చెప్పేదొకటీ లోపల ఉన్నదొకటీ, అన్నీ అరచేతిలో గీతల్లాగా స్పష్టంగా తెలిశాయి. జన్మలో ఏ మనిషినీ అంత బాగా తెలుసుకోలేదు. ఆ మనిషి హైమ.

టోపీ తీసి చెప్పేశాను. "నువ్వు తప్పు ఒప్పుకోవాల్సి వస్తే గ్రాఫు గీస్తావు. మా చెల్లెలు పెట్టిన చీర అద్భుతం అన్నావు, తెచ్చి మైక్రోస్కోపు మీద కప్పావు. నీకు మనుషులంటే విసుగు. మెదళ్ళంటేనే ఇష్టం."

"అలాగా, ఇలా ఇవ్వండి టోపీ" అంది హైమ.

పెట్టుకుంది. తీసింది. నన్ను చూసిన చూపులో జాలి ఉంది. కోపమైతే తట్టుకునేవాణ్ణి.

"మీతో మాట్లాడితే మాట్లాడినట్టుండదండీ, పాఠం విన్నట్టుంటుంది. నేను ఏదడిగినా మీ దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. అడిగింది వినకముందే ఉంటుంది. పెళ్ళైన కొత్తలో మా నాన్న పోయినప్పుడు నేను ఏడుస్తుంటే, మృత్యువు గురించి గ్రీకులు ఏమన్నారో చెప్పారు. పక్కన కూర్చోలేదు."

టోపీ ప్రభావం పూటలో దిగిపోయింది. అన్న మాటలకి ఆ సౌకర్యం లేదు.

బెంగుళూరులో ఒక సంస్థ వాళ్ళు హైమని ఎప్పటినుంచో రమ్మంటున్నారు. ఎప్పటినుంచో వద్దంటోంది. ఆ వారం సరేనంది. సోమవారం బండికి టిక్కెట్టు తీసుకుంది. "ఎన్నాళ్ళకి?" అని అడిగాను. "తిరుగు టిక్కెట్టు తీసుకోలేదు" అంది.  విరహం గురించి గ్రీకులేమన్నారో నోటిదాకా వచ్చింది. ఈసారి నోరు మూసుకున్నాను.

నాకు తోచిన దారి ఒక్కటే. ఈ టోపీయే చిచ్చు పెట్టింది కాబట్టి ఈ టోపీయే ఆర్పాలి. అది లోపలికి తిరిగితే, నన్ను నేను చూసుకుని, తప్పు ఒప్పుకుని, హైమని ఆపుకుంటాను. హైమకీ అది తేలకుండా వెళ్ళడం ఇష్టం లేదు. పని మధ్యలో వదిలే మనిషి కాదు. అలా మేమిద్దరం మాట్లాడుకోకుండా, "ప్లగ్గు", "ఆ తీగ", "ఆపండి" అనే మూడు ముక్కలతో సంసారం చేస్తూ పైఅంతస్తులో కూర్చున్నాం. ఒక రిటైర్డు హెడ్మాస్టరుగారిని పిలిచి టోపీ పెట్టాం. ఆయన తన శిష్యులందరి లోపాలూ పేరుపేరునా గ్రహించారు. పురాణం చెప్పే శాస్త్రిగారికి పెట్టాం. ఆయనకి ఇంకో పురాణం శాస్త్రిగారి సంగతంతా కరతలామలకమైంది.

హైమ తెర మీద బొమ్మలు వెనక్కి తిప్పి తిప్పి చూసింది. చివరికి ఒక వెలుగు చుక్క మీద వేలు పెట్టింది.

"గ్రీకు మాట వచ్చి ఇక్కడ ఆగుతోంది. ఇది పెద్దత్తయ్యగారి సామెత. గురివింద."

నాకప్పుడు వెలిగింది. నిన్ను నువ్వు తెలుసుకో అనే మాట మనకీ ఉంది. గురివింద తన నలుపెరగదు. కానీ అద్దం ముందు నిలబడి తనకి తాను ఆ సామెత చెప్పుకున్న తెలుగువాణ్ణి ఎవరైనా చూశారా? మనం సామెతని నేర్చుకోం, విసురుతాం. తోడికోడలి మీద, వియ్యంకుడి మీద, పక్కింటి వాడి మీద విసురుతాం. పాపం గ్రీకు పెద్దల జ్ఞానమంతా మా దొడ్డమ్మ దగ్గరికొచ్చి రాయిలా తయారై ఎదుటివాడి నెత్తిన పడుతోంది.

"అయితే వేరే బుర్ర వెతకాలి. నాది తీసుకో" అన్నాను.

"వద్దు లెండి. టోపీ బరువెక్కుతుంది" అంది.

అదే ఆ వారంలో మా మధ్య జరిగిన అతి పెద్ద సంభాషణ.

ఇంత జరుగుతున్నా దొడ్డమ్మకి చీమ కుట్టినట్టయినా లేదు. టోపీ పెట్టుకున్న రాత్రి మేం హాల్లో నిలబడి అరుచుకుంటున్నప్పుడు కూడా ఆవిడ సీరియల్లో ఎవరి మొహమో చూసి నవ్వుకుంటూ కూర్చుంది. స్థితప్రజ్ఞురాలు అనుకున్నాను. ఆదివారం పొద్దున్న హైమ మంచం మీద పెట్టె తెరిచి బట్టలు సర్దుకుంటోంది. దొడ్డమ్మ గుమ్మంలో నిలబడింది.

"బెంగుళూరు వెళ్ళిపోతున్నాను పెద్దత్తయ్యగారూ. ఇంక రాను" అంది హైమ, వంగి చీరలు పెడుతూ.

"ఏ ఎండకా గొడుగు పట్టాలమ్మా" అంది దొడ్డమ్మ హాయిగా.

హైమ వెనక్కి తిరిగింది. ముక్కు ఎర్రబడి, చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. దొడ్డమ్మ ఆ మొహం చూసింది. పెట్టె చూసింది. అందులో హైమ వాళ్ళ నాన్న ఫొటో కూడా ఉండటం చూసింది. నా వైపు తిరిగి, "ఏట్రా ఇది? ఏటైంది?" అంది. నేను "వెళ్ళిపోతోంది దొడ్డమ్మా" అన్నాను. ఆవిడ నా పెదాల వంకే చూసింది. ఏదో సామెత అనబోయి నోరు తెరిచింది, రాలేదు. ఆ నోట సామెత రాకపోవడం నాకు కరెంటు పోయినట్టనిపించింది.

మంచం పక్కన కూర్చుని, పెట్టెలో ఉన్న హైమ నోటుపుస్తకం తీసి, మేమిద్దరం టోపీ పెట్టుకున్న రోజు పేజీ చదివి, ఆఖరికి, "ఆ టోపీ నాకు పెట్టండి. మీరిద్దరూ పెట్టుకున్నారు కదా, అదే మాట. పెట్టే దాకా అన్నం ముట్టను" అంది.

మధ్యాహ్నం ముగ్గురం కొండెక్కాం. ఆదివారం కాబట్టి సంస్థలో ఎవరూ లేరు. దొడ్డమ్మని కుర్చీలో కూర్చోబెట్టి హైమ టోపీ సర్ది మీట నొక్కింది. ఇప్పుడు నాలో ఉన్నవీ హైమలో ఉన్నవీ అన్నీ బయటపెట్టి మా సంసారానికి మిగిలిన ఒక్క మేకూ ఊడపీకుతుందని గుండె గట్టిచేసుకున్నాను.

 టోపీ తీశాక ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంది. తర్వాత చిన్నపిల్ల తప్పు చెప్పినట్టు చెప్పింది.

"నాకు వినపడదురా."

"ఏం వినపడదు?" అని అడిగాను. ఎంత తెలివైన ప్రశ్నో చూడండి.

ఆవిడ జవాబు చెప్పలేదు. వినపడలేదు కదా. తన పాటికి తను చెప్పుకుపోయింది. "మీ గృహప్రవేశం ముందు నుంచే తగ్గిపోయింది. చెవిటిదని తెలిస్తే ప్రతివాడూ నా ముందు శంఖాలూదుతాడు, లేకపోతే నన్ను వదిలేసి వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటారు. మా అత్తగారికి అలాగే చేశాం, ఆఖర్న ఆవిడ గోడతో మాట్లాడేది. అందుకని ఎవరి పెదాలు కదిలినా ఒక సామెత పడేసేదాన్ని. సామెత ఎక్కడైనా అతుకుతుంది కదరా. మీరేదో పెద్ద అర్థం ఉందనుకుని ఊరుకునేవారు. మీరు పోట్లాడుకుంటున్నారని కూడా నాకు తెలీదు. నవ్వుకుంటున్నారనుకున్నాను."

కళ్ళు తుడుచుకుంది. "ఇన్నేళ్ళ తర్వాత నా లోపలికి ఒక మాట వచ్చింది. చెవులతో పన్లేకుండా వచ్చింది. ఎంత బాగుందో."

హైమ గబగబా తెర దగ్గరకి వెళ్ళి పాత బొమ్మలు తీసింది. "వినికిడి భాగమంతా చీకటిగా ఉంది. అప్పుడే చూశాను. తీగ ఊడిందనుకుని వదిలేశాను. అంటే టోపీ నేర్చుకున్నదిదే. మాటని బయటకి పంపడమే గాని లోపలికి రానివ్వడం దానికి తెలీదు" అంది.

"మరి ఆవిడకెలా లోపలికెళ్ళింది?"

"ఆ దారి ఆవిడదే కదండీ. మనం వేసుకుంటే విసురుగా వచ్చి పక్కవాళ్ళ మీద పడుతోంది. ఆవిడకి సొంత ఇల్లు. వచ్చి కూర్చుంది." హైమ తెర ఆపేసింది. "మెదడంతా చూశాను, మనిషికి వినపడట్లేదని చూడలేదు. జ్వరమొచ్చినప్పుడు ఆవిడ అన్న మాటకి రెండు రోజులు అలిగాను."

 కాఫీ అడిగితే దీపం అన్న మనిషిని జ్ఞాని అనుకున్నాను గాని, ఒక్కసారి ఎదురుగా కూర్చుని మాట్లాడి చూడలేదు. కూర్చుని ఉంటే ఒక్క పూటలో తెలిసిపోయేది. మా ఇంట్లో చెవిటివాళ్ళు ఒక్కరే అనుకోవడం కూడా తప్పే.

సోమవారం పొద్దున్నే హైమ ఆవిణ్ణి జగదాంబ సెంటరు దగ్గర చెవి మిషన్ల దుకాణానికి తీసుకెళ్ళింది. "బండి మధ్యాహ్నం కదా, స్టేషనుకి కారు చెప్పాను. ఈ పని చేసే వెళ్తాను" అంది. వెళ్తాను అనే మాట దగ్గర నేను ఆగిపోయాను.

ఇంటికొచ్చిన దొడ్డమ్మ కొత్త ఊరొచ్చినట్టు గదులన్నీ తిరిగింది. "ఈ ఫ్యాను ఇంత ఏడుస్తోందా! మీరెలా నిద్రపోతున్నార్రా?" కుక్కరు కూత వేస్తే ఉలిక్కిపడి గోడ పట్టుకుంది. టీవీకి శబ్దం పెట్టించుకుంది. కాసేపు విని ఆపేసింది. "ఛీ, ఇదా వీళ్ళు మాట్లాడుకునేది! నేను అల్లుకున్న కథే నయం. ఆ పచ్చచీరది మంచిదనుకున్నాను ఇన్నాళ్ళూ."

తర్వాత వచ్చి నా ఎదురుగా కుర్చీ లాక్కుంది. "ఒరే పుండరీ, నువ్వు రోజూ పుస్తకం పట్టుకుని ఏదో చదువుతుంటావు కదా. నా బుర్రలోకొచ్చిన మాట. అది చదువు, విందాం."

గొంతు సవరించుకుని చదివాను. "ఓ మానవా! నీ స్వస్వరూప జ్ఞానమును సంపూర్ణముగా సముపార్జింపుము."

"అంటే?"

జవాబు వినడానికి దొడ్డమ్మ ప్రశ్న అడగడం అదే మొదలు. "అంటే, నిన్ను నువ్వు తెలుసుకో అని."

"అంటే?"

"అది గుడి గుమ్మం దగ్గర రాసుండేది. నువ్వు దేవుడివి కావు, మనిషివి, ఆ సంగతి మర్చిపోకుండా లోపలికి రా అని కొందరంటారు. నీ బలమెంతో చూసుకుని పనిలో దిగు అని కొందరంటారు. ఆత్మజ్ఞానం అని..."

"వాళ్ళు వీళ్ళు అన్నది కాదురా. నాకైతే టోపీలో తెలిసిపోయింది, నా చెవుల సంగతి ఒప్పుకోమని. నీకు? నీ మట్టుకు నీకేంటి దానర్థం?"

ఆవిడ నిజంగా వింటోంది. మిషను ఉన్న చెవి నా వైపు వంచి, నేనేం చెబుతానా అని, చదువు మొదలెట్టే పిల్లలా చూస్తోంది. మూడు విశ్వవిద్యాలయాల్లో ఈ మాట మీద ఉపన్యాసాలిచ్చాను. అప్పుడెవరూ ఇలా చూడలేదు. నోరు తెరిచాను. వెతికాను. లోపల ఏమీ లేదు. భయమేసింది, ఆ తర్వాత ఎందుకో ఒళ్ళు తేలికైంది.

"నాకు తెలీదు దొడ్డమ్మా" అన్నాను.

గదిలోంచి పెట్టె చక్రాల శబ్దం వస్తూ వస్తూ ఆగింది. హైమ గుమ్మంలో నిలబడి ఉంది, భుజాన బ్యాగుతో.

"ఏమన్నారు?"

"తెలీదన్నాను. ఇన్నేళ్ళు అనువాదం చేశాను గాని, ఆ మాటకి అర్థం నాకు తెలీదు హైమా. మీ నాన్నగారు పోయినరోజున ఏం చెయ్యాలో కూడా తెలీలేదు. తెలీదని చెప్పడం చేతకాక పాఠం చెప్పాను."

హైమ పెట్టె వదిలేసి వచ్చి నా పక్కనున్న కుర్చీలో కూర్చుంది. బ్యాగు మాత్రం భుజం మీంచి తియ్యలేదు.

"మళ్ళీ అనండి. ఈసారి నా వైపు తిరిగి" అంది.

తిరిగాను. అన్నాను.  హైమ బ్యాగు పట్టీ భుజం మీంచి జారి మోచేతి దగ్గరకొచ్చింది, ఆవిడ దాన్ని పైకి లాక్కోలేదు. మేం అలా ఎంతసేపు ఉండేవాళ్ళమో.

"ఒరే," అంది దొడ్డమ్మ చెవి మీద చెయ్యి పెట్టుకుని, మొహం వెలిగిపోతూ. "కింద ఎవడో కారు హారన్ కొడుతున్నాడు, మీకు వినపడట్లేదా? ఎవరూ రారని చెప్పి వాణ్ణి పంపించెయ్యండి."